సన్నగా ఉండి రోజంతా అరిచే పిల్లి: ఇది జబ్బా, జాతి లక్షణమా?

సీతమ్మధార_సుధ

మా ఇంట్లో పదకొండు నెలల ఆడపిల్లి ఉంది. ఐదు వారాల కూనగా తెచ్చినప్పుడు చెవుల అంచులకు కాస్త బూడిద రాసినట్టు ఉండటం తప్ప ఒళ్ళంతా తెల్లగా ఉందని మా అమ్మాయి దానికి మల్లి అని పేరు పెట్టింది. ఇప్పుడు దాని ముఖం, చెవులు, కాళ్ళు, తోక ముదురు కాఫీ రంగుకు తిరిగాయి. ఒళ్ళు మాత్రం మీగడ రంగులో ఉంది, కళ్ళు నీలంగా ఉన్నాయి. అమ్మినవారు ఒకసారి సియామీస్ అన్నారు, ఇంకోసారి ఓరియంటల్ అన్నారు.

నా బెంగ రంగు గురించి కాదు. మల్లి బరువు 2.8 కిలోలే. మూడు పూటలా తింటుంది, అయినా ఒంటికి పట్టదు. మొన్న శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేనత్తగారు దాన్ని చూడగానే "ఏటమ్మా, దీనికి కూడెట్టట్లేదేటి?" అని అడిగారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. రెండో సంగతి దాని అరుపు. నేను ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వచ్చి, బొంగురు గొంతుతో పసిబిడ్డ ఏడ్చినట్టు అరుస్తుంది. వారం రోజులుగా రాత్రుళ్ళు కూడా అదే తీరు కావడంతో పక్క ఫ్లాట్‌వారు రెండుసార్లు తలుపు కొట్టి అడిగారు. ఇది జబ్బా, లేక ఈ జాతి పిల్లులు ఇంతేనా? పెంచినవారు చెప్పగలరు.

పెదవాల్తేరు_పావని

తూకం కంటే చేతి స్పర్శను నమ్మండి సుధ గారూ. పక్కటెముకల మీద అరచేయి మెల్లగా ఆనించినప్పుడు ఎముకలు వేళ్ళకు తెలియాలి, కానీ కంటికి కొట్టొచ్చినట్టు కనబడకూడదు. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. తొడ కండ గట్టిగా ఉంటే ఆ పిల్లికి తిండి తక్కువైనట్టు కాదు.

మార్జాల_మిత్ర

మీరు చెప్పిన రంగులు, నీలి కళ్ళు చూస్తే మీది సియామీస్ పోలికే. ఓరియంటల్ అన్న మాటతో తికమక పడనవసరం లేదు. ఈ రెండూ ఒకే మూసలో పోసిన పిల్లులు. ఒళ్ళు ఒకటే, పూత వేరు.

సియామీస్ పుట్టిల్లు థాయ్‌లాండ్, అంటే నాటి సియాం. అక్కడ దీన్ని విచియన్‌మాత్ అంటారు. ఆ పేరులోని మొదటి మాట పాళీ భాషలోని వజిరం నుంచి వచ్చింది, మన వజ్రానికి చుట్టమే. శుభలక్షణాలున్న పిల్లులను పద్యాలతో, బొమ్మలతో వర్ణించిన పాత సియాం రాతప్రతుల్లో ఈ పిల్లి ఉంది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో జరిగిన పిల్లుల ప్రదర్శనలో ఐరోపా జనం దీన్ని చూశారు. 1884లో బ్యాంకాక్‌లోని బ్రిటిష్ దౌత్యాధికారి ఎడ్వర్డ్ గౌల్డ్ ఒక జంటను ఇంగ్లండ్‌లోని తన సోదరికి ఇచ్చిన తరువాత అక్కడ పెంపకం ఊపందుకుంది.

ఓరియంటల్ షార్ట్‌హెయిర్ కథ అంతకంటే చాలా తరువాతది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌లో కొందరు పెంపకందారులు సియామీస్ ఒంటితీరు ఉండి, ముఖానికీ కాళ్ళకూ మాత్రమే కాక ఒళ్ళంతా రంగుండే పిల్లిని సాధించాలని ఇతర జాతులతో కలిపారు. అలా వచ్చిన గోధుమ రంగు పిల్లికి అక్కడ 1958లో గుర్తింపు దొరికింది. అమెరికాలో 1977లో ఓరియంటల్ షార్ట్‌హెయిర్‌ను పోటీలకు అనుమతించారు. నలుపు, గోధుమ, బూడిద, లేత ఊదా, ఎరుపు, చారలు, మచ్చలు అన్నీ కలిపి లెక్కిస్తే మూడు వందలకు పైగా రంగుల కలయికలు ఈ ఒక్క జాతిలో ఉన్నాయి. వాటిలో చాలావాటి కళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి. మీ మల్లి కళ్ళు నీలం కాబట్టి, పైగా రంగు కొసలకే పరిమితమైంది కాబట్టి, దాన్ని సియామీస్ అనడమే సబబు.

సన్నదనం సంగతికి వస్తే, ఈ జాతుల అందమంతా గీతలోనే ఉంది. ముక్కు కొస నుంచి చెవుల కొసల దాకా గీస్తే త్రికోణం వస్తుంది. చెవులు ఆ త్రికోణాన్ని ఇంకా పైకి సాగదీసినట్టు పెద్దగా ఉంటాయి, కళ్ళు బాదం గింజల్లా ముక్కు వైపు ఏటవాలుగా ఉంటాయి. మెడ పొడవు, ఒళ్ళు గొట్టంలా ఉంటుంది, వెనక కాళ్ళు ముందు కాళ్ళ కంటే కాస్త ఎత్తు, తోక కొరడాలా కొసకు సన్నబడుతుంది. చూడటానికి ఈకలా ఉన్న పిల్లిని ఎత్తుకున్నప్పుడు బరువు ఒక్కసారిగా చేతికి తెలుస్తుంది, ఎందుకంటే లోపల ఉన్నదంతా కండ. ఆడపిల్లికి మూడు కిలోల దరిదాపుల బరువు తక్కువేమీ కాదు. మన ఇళ్ళలో పర్షియన్ పిల్లులు చూసి చూసి, దూదిబస్తాలా ఉంటేనే పిల్లి అని కళ్ళు అలవాటు పడ్డాయి.

ఎంవీపీ_మురళి

అందమంతా గీతలో ఉందన్న మాటతో నేను ఏకీభవించలేను. పాత ఫోటోల్లోని సియామీస్ పిల్లుల ముఖం గుండ్రంగా, ఒళ్ళు నిండుగా ఉండేది. పోటీల కోసం తరతరాలుగా ఏరి ఏరి ముఖాన్ని కోసుగా, ఒంటిని పుల్లలా చేశారు. చిన్న గుంపులో అదే పనిగా దగ్గరి సంబంధాలు కలిపితే అందంతో పాటు రోగాలు కూడా స్థిరపడతాయి. కాలేయంలో ఒక రకం ప్రోటీన్ పేరుకుపోయే జబ్బు, చూపు క్రమంగా మందగించే జబ్బు, చిగుళ్ళ వాపు, ఉబ్బసం ఈ జాతుల్లో పెంపకందారులందరికీ తెలిసిన బెడదలే. థాయ్‌లాండ్‌లో ఇప్పటికీ గుండ్రటి ముఖాల సియామీస్‌లు ఉన్నాయి. నన్నడిగితే అసలు అందం అదే.

మార్జాల_మిత్ర

మురళి గారు చెప్పిన జబ్బుల విషయంలో నాకు వాదన లేదు. మితిమీరిన కోసుదనాన్ని నేనూ సమర్థించను. కానీ పాతకాలపు సియామీస్ కూడా మన వీధిపిల్లి కంటే సన్నని నడుముతో, పొడవాటి కాళ్ళతోనే ఉండేది. సుధ గారి మల్లి సన్నగా ఉండటానికి పోటీలవారిని తప్పు పట్టనక్కరలేదు.

గాజువాక_గోపాల్

అరుపు జాతి లక్షణమని ఎవరూ అనకముందే ఒక మాట చెబుతాను. మా ఇంట్లో ఉన్నది గోదాం పక్కన దొరికిన వీధిపిల్లి. ఏ జాతీ లేదు. అయినా అది కూడా నా వెంటే తిరుగుతుంది, మాటకు మాట బదులిస్తుంది. కళ్ళు తెరిచిన నాటి నుంచి మనిషి చేతిలో పెరిగితే ఏ పిల్లి అయినా అలాగే ఉంటుంది. ఐదు వారాలకే తల్లి నుంచి విడదీయడమే అసలు తప్పు. కూన పన్నెండు వారాలైనా తల్లి దగ్గర ఉండాలి. ఆ లోటే ఇప్పుడు అరుపై బయటికి వస్తోంది.

లాసన్స్‌బే_లత

పెంపకం ప్రభావం నిజమే గోపాల్ గారూ, కానీ ఒకే ఇంట్లో ఒకే చేతి మీద పెరిగిన రెండు పిల్లులు నాకు ఉన్నాయి. ఒకటి వీధిపిల్లి, ఒకటి నల్లటి ఓరియంటల్. రెండూ పన్నెండు వారాలు తల్లి దగ్గరే ఉన్నాయి. చుట్టాలు వస్తే వీధిపిల్లి మంచం కిందికి వెళుతుంది. ఓరియంటల్ మాత్రం వచ్చినవారి ఒడిలోకి ఎక్కి, గడ్డం దగ్గర ముఖం పెట్టి, వారి మాట పూర్తయ్యేదాకా వింటుంది.

దాని తీరు చూస్తే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటుంది. బీరువా పిడి కిందికి నొక్కితే తలుపు తెరుచుకుంటుందని మూడు రోజులు మమ్మల్ని గమనించి నేర్చుకుంది. నాలుగో రోజు పొద్దున్న వంటింట్లో ఉండగా చప్పుడు వినిపించి వెళ్ళి చూశాను. వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు రెండూ పిడికి వేలాడేసి, తలుపు జరగగానే లోపలికి దూరి నా పట్టుచీరల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి పారిపోలేదు. కిందికి దిగి నా దగ్గరికి వచ్చి, ఆ పిడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి గట్టిగా అరిచింది. ఆ అరుపులో ఉన్నది భయం కాదని, తన పని నాకు చూపించడమని ఇప్పటికీ నా నమ్మకం.

ఇదే పిల్లి వల్ల ఒక ఆపద కూడా వచ్చింది. ఉన్ని, తువ్వాళ్ళ అంచులు చీకడం, నమలడం ఈ జాతుల్లో మిగతావాటి కంటే ఎక్కువ. మొదట్లో ముద్దుగా ఉందని ఊరుకున్నాను. చీర కొంగు కుచ్చు మింగి మూడు రోజులు తిండి మానేసింది. పొట్ట కోసి దారం తీయవలసి వచ్చింది. సుధ గారూ, మల్లికి ఆ అలవాటు ఉందేమో గమనించండి.

గాజువాక_గోపాల్

లత గారి ఉదాహరణకు నా దగ్గర బదులు లేదు. అయినా రెండు పిల్లుల్ని చూసి జాతి మొత్తానికి ముద్ర వేయలేము కదా.

పశువైద్య_చదువరి

రెండు పిల్లులు కాదు, దాదాపు 5,700 పిల్లుల యజమానుల జవాబులతో హెల్సింకి విశ్వవిద్యాలయం వారు 2019లో పరిశోధన ప్రకటించారు. బిడియం, చురుకుదనం, మనుషుల దగ్గరికి చేరే గుణం వంటివి జాతిని బట్టి మారుతున్నాయని, వాటిలో గణనీయమైన భాగం తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తోందని తేల్చారు. అంటే పెంపకానికి చోటు లేదని కాదు. లత గారూ గోపాల్ గారూ ఇద్దరూ చెప్పినవి పక్కపక్కనే నిలబడతాయి.

రంగు సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదు కనుక నేను చెబుతాను. సియామీస్ ఒంట్లో నలుపు రంగును తయారుచేసే ఎంజైము వేడికి తాళలేదు. మామూలుగా పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడిలో ఎంజైము సరిగా పనిచేయదు కాబట్టి ఒళ్ళు మీగడ రంగులో ఉండిపోతుంది. చెవులు, ముక్కు, పాదాలు, తోక ఒంటి కంటే చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ రంగు పుడుతుంది. తల్లి కడుపులో అంతా ఒకే వెచ్చదనం, అందుకే ఈ కూనలన్నీ తెల్లగా పుడతాయి. పుట్టిన కొద్ది వారాల్లో రంగు కొసల నుంచి మొదలవుతుంది. మల్లి చెవుల అంచుల్లో మీరు చూసిన బూడిద అదే. నీలి కళ్ళకు కారణం కూడా ఆ జన్యువే.

సీతమ్మధార_సుధ

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ రుణపడి ఉంటాను. పావని గారు చెప్పినట్టు చేయి ఆనించి చూశాను. ఎముకలు తెలుస్తున్నాయి కానీ బయటికి కనబడటం లేదు, తొడలు గట్టిగానే ఉన్నాయి. లత గారూ, మా అమ్మాయి ఉన్ని టోపీని మల్లి చీకడం నేనూ చూశాను. ఈ రోజే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

పాడేరు_మాస్టారు

చదువరి గారు చెప్పింది మా ఇంట్లో కళ్ళారా చూశాం. విశాఖలో ఉన్నంతకాలం మా సియామీస్ వీపు పాలమీగడలా ఉండేది. బదిలీ మీద పాడేరు వచ్చిన ఏడు, కార్తీకం నుంచి మాఘం దాకా మన్యం చలి తెలిసిందే కదా, సంక్రాంతి నాటికి దాని నడుము, పిరుదులు తేనె రంగుకు తిరిగాయి. పొయ్యి పక్కన పడుకునే వైపు కాస్త తెలుపు, గోడ వైపు కాస్త నలుపు. ఊళ్ళో పిల్లలు అది వేరే పిల్లి అని నాతో పందెం కాశారు. వేసవి సెలవుల్లో విశాఖ తీసుకువచ్చాక, పాత బొచ్చు రాలి కొత్తది వచ్చేసరికి ఒళ్ళు మళ్ళీ మీగడ రంగుకు వచ్చింది.

దానికి కాస్త మెల్ల కూడా ఉంది. అది దోషమేమోనని మా ఆవిడ చాలా రోజులు బాధపడింది.

పశువైద్య_చదువరి

మాస్టారూ, మెల్ల కూడా ఆ రంగు జన్యువుతో ముడిపడినదే. కంటి నుంచి మెదడుకు పోయే నరాల్లో కొన్ని దారి తప్పి అటువైపుకు దాటిపోతాయి. దాన్ని సరిచేసుకునే ప్రయత్నంలో కొన్ని పిల్లుల కళ్ళు ముక్కు వైపు తిరుగుతాయి. పాత సియామీస్‌లలో మెల్లకన్ను, తోక కొసన చిన్న వంకర రెండూ మామూలుగా ఉండేవి. స్నానానికి దిగిన సియాం రాకుమార్తె తన ఉంగరాలను పిల్లి తోకకు తొడిగిందని, అవి జారిపోకుండా పిల్లి తోక కొస వంచిందని అక్కడ కథ చెప్పుకుంటారు. తరువాతి పెంపకందారులు ఈ రెంటినీ ఏరివేస్తూ వచ్చారు. మీ పిల్లికి దూకడంలో, తినడంలో ఇబ్బంది లేకపోతే దిగులు పడకండి.

లాసన్స్‌బే_లత

ఆ కథ ఎంత బాగుందో. అక్కడ పిల్లి అంటే శుభం. వెండిబూడిద రంగు కోరాట్ పిల్లుల జంటను థాయ్‌లాండ్‌లో పెళ్ళికూతురికి కానుకగా ఇచ్చే ఆనవాయితీ ఉండేదట. మా అపార్ట్‌మెంట్‌లో నా నల్ల ఓరియంటల్ మెట్ల మీద కనబడితే, పని మీద బయలుదేరినవారు వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తారు. అది మాత్రం వాళ్ళ కాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవాలని ఎదురుచూస్తూ ఉంటుంది. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

హార్బర్_సత్యవతి

సుధ గారూ, ఒంటికి పట్టాలంటే రోజూ కానాగంతలు ఉడకబెట్టి పెట్టండి. మా ఇంటి వెనక పిల్లులన్నీ ఫిషింగ్ హార్బర్ చేపల మీదే నిగనిగలాడుతున్నాయి.

పెదవాల్తేరు_పావని

ముళ్ళు తీసి ఉడికించిన చేప వారానికి రెండు మూడుసార్లు పెడితే మంచిదే సత్యవతి గారూ. చేప ఒక్కటే రోజూ పెడితే కావలసిన పోషకాలన్నీ అందవు. పైగా ఈ జాతిని లావు చేయాలనుకోవడం దాని కీళ్ళకు బరువు కట్టడమే అవుతుంది.

సుధ గారిని ఒకటి అడగడం అందరం మరిచాం. మల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా? రాత్రి అరుపు ఉన్నట్టుండి వారం నుంచే మొదలైందన్నారు కదా.

సీతమ్మధార_సుధ

కాలేదండీ. ఏడాది నిండాక చేయిద్దామనుకున్నాం. ఈ వారమంతా నేల మీద దొర్లుతోంది, వీపు నిమిరితే ముందు కాళ్ళు వంచి నడుము పైకెత్తుతోంది, తలుపు దగ్గర నిలబడి కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. నడుము నొప్పేమోనని భయపడుతున్నాను.

పెదవాల్తేరు_పావని

నడుము నొప్పి కాదు, ఎదకు వచ్చింది. సియామీస్ ఆడపిల్లులు మిగతా జాతుల కంటే తొందరగా, కొన్ని ఐదు నెలలకే ఎదకు వస్తాయి. వాటి గొంతే పెద్దది. ఎదలో ఉన్నప్పుడు వీధి చివరి దాకా వినబడుతుంది. మగపిల్లి కలవకపోతే రెండు మూడు వారాలకోసారి తిరగబెడుతూనే ఉంటుంది. ఎద తగ్గాక ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించండి.

మార్జాల_మిత్ర

పావని గారు అసలు ముడి విప్పారు. రాత్రి అరుపు ఆపరేషన్‌తో ఆగుతుంది. పగటి అరుపు మాత్రం ఆగదు సుధ గారూ, దానికి ఇల్లే సర్దుకోవాలి. అది మాట్లాడే పిల్లి. మీరు పలికితే పలుకుతుంది, మీరు పలకకపోతే పలికేదాకా అరుస్తుంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు దారానికి ఈక కట్టి ఆడించండి, ఆట అవగానే ఆ దారం తీసి దాచేయండి. కిటికీ దగ్గర ఎత్తుగా కూర్చునే పలక ఒకటి బిగించండి. రోజంతా ఇల్లు తాళం పెట్టి ఉండే కుటుంబాలకు నేను ఈ జాతిని ఎప్పుడూ సూచించను. ఒంటరితనం వీటిని నిజంగా కుంగదీస్తుంది. బొచ్చు ఊడేదాకా ఒళ్ళు నాక్కునే పిల్లులను నేను చూశాను.

ఎంవీపీ_మురళి

ఈ విషయంలో మిత్ర గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ముఖం గుండ్రమైనా కోసైనా మనసు మాత్రం ఒకటే.

పశువైద్య_చదువరి

సుధ గారూ, ఆపరేషన్‌కు బొచ్చు గొరుగుతారు. అక్కడ చర్మం కొంతకాలం చల్లగా ఉంటుంది కనుక కొత్త బొచ్చు ముదురు రంగులో రావచ్చు. చూసి కంగారు పడకండి, తరువాతి విడత బొచ్చు రాలినప్పుడు అది పోతుంది.

సీతమ్మధార_సుధ

రెండున్నర నెలల తరువాత రాస్తున్నాను. ఆపరేషన్ అయింది, రాత్రి అరుపు పూర్తిగా ఆగింది, పక్క ఫ్లాట్‌వారి పాప ఇప్పుడు రోజూ సాయంత్రం మల్లితో ఆడుకోవడానికి మా ఇంటికి వస్తోంది. మల్లి బరువు 3.1 కిలోలు. చదువరి గారు చెప్పినట్టే ఎడమ పక్క అరచేతి మేర బొచ్చు కాఫీ రంగులో మొలిచింది. నేను కంగారు పడలేదు కానీ మేనత్తగారు ఫోనులో వీడియో చూసి, కుట్లు వేసినచోట కమిలిపోయిందేమోనని అడిగారు. చలికి రంగు వచ్చే సంగతంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, పూర్ణామార్కెట్‌లో మెత్తటి నూలు గుడ్డ కొని దానికి చొక్కా కుడతానని, ఉన్ని మాత్రం వాడనని చెప్పారు. నేను ఫోను మాట్లాడుతున్నంతసేపూ మల్లి నా ఒడిలో కూర్చుని మేనత్తగారి ప్రతి మాటకూ బదులిస్తూనే ఉంది.